నర్సుగా రిజిస్టరులోకి ఎక్కడం, ఎక్కాక అందులోనే ఉండడం

మొదటి ఏడాది దీపం పట్టుకుని ప్రమాణం చేశారు. మూడేళ్లు వార్డుల్లో కాళ్లు వాచేలా తిరిగారు. డిప్లొమా వచ్చింది, ఇంట్లో పాయసం వండారు. ఇంత జరిగినా, రాష్ట్ర నర్సుల కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కేదాకా చట్టం దృష్టిలో మీరు నర్సు కారు. మా పిల్లల్లో చాలామందికి ఈ సంగతి కోర్సు అయిపోయాకే తెలుస్తుంది.

నేను తిరుపతిలో వార్డు సిస్టరుగా, తర్వాత నర్సింగ్ ట్యూటరుగా పనిచేసి రిటైరయ్యాను. బైరాగిపట్టెడలోని మా ఇంటికి ఇప్పటికీ పిల్లలు ఫైళ్లు పట్టుకుని వస్తుంటారు. చదువు రాక ఆగిపోయినవాళ్లు వారిలో అరుదు. పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల, కాలేజీ దగ్గరే ఉండిపోయిన ఒరిజినల్స్ వల్ల, ఎప్పుడో గడువు తీరిన రిజిస్ట్రేషను వల్ల ఆగిపోయినవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ ఇంజెక్షను ఎలా వేయాలో చెప్పను. కాగితాల గురించి చెబుతాను. విసుగు పుట్టించే విషయమే, కానీ జీతం దీనిమీదే ఆధారపడి ఉంది.

ఏ కోర్సు, ఏ కాలేజీ

ఏఎన్ఎం (సహాయక నర్సు-మిడ్‌వైఫ్, అంటే ప్రసవాలు కూడా చేయించే నర్సు కోర్సు) రెండేళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏఎన్ఎం ఆడపిల్లలకు మాత్రమే. ఇంటర్ ఆర్ట్స్ గ్రూపుతో పాసైనా చేరవచ్చు. జీఎన్ఎంకు ఇంటర్లో 40 శాతం మార్కులు, ఇంగ్లిషులో ఉత్తీర్ణత ఉండాలి. బైపీసీ వాళ్లకు ప్రాధాన్యం ఇస్తారు, మిగతావాళ్లకూ తలుపు మూయలేదు. బీఎస్సీకి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండక తప్పదు. మూడింటికీ 17 ఏళ్లు నిండాలి. ఏఎన్ఎం, జీఎన్ఎంలకు 35 దాటకూడదు. ఇంటర్ వొకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త కోర్సు) చదివిన ఆడపిల్లలకు ఇంకో దారి ఉంది. ప్రభుత్వాసుపత్రిలో ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తి చేసి రిజిస్ట్రేషనుకు వెళ్లడం. గ్రామ సచివాలయాల్లో మీరు చూసే ఆరోగ్య కార్యకర్తల్లో ఈ దారిన వచ్చినవాళ్లు ఉన్నారు.

నా అభిప్రాయం అడిగితే, ఇంట్లో మరో ఏడాది ఫీజు భరించగలిగితే ఏఎన్ఎం బదులు జీఎన్ఎం చేరండి. జీఎన్ఎం చేసినవారికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది, ఆసుపత్రి వార్డు ఉద్యోగాలున్నాయి. భరించలేకపోతే ఏఎన్ఎం చేసి ఉద్యోగంలో చేరి, తర్వాత జీఎన్ఎంకు వెళ్లవచ్చు. ఏఎన్ఎం రిజిస్ట్రేషను ఉన్నవారికి ఆ 35 ఏళ్ల పరిమితి వర్తించదు.

ఇక గోడలమీద కనిపించే ‘ఆరు నెలల్లో నర్సింగ్’ ప్రకటనల సంగతి. ఆ కోర్సు చేసి ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునే పని చేయవచ్చు, అది గౌరవమైన పనే. కానీ ఆ సర్టిఫికెట్ పట్టుకుని వెళితే ఏ కౌన్సిలూ రిజిస్ట్రేషను ఇవ్వదు. ఫీజు కట్టేముందు తేల్చుకోవాల్సిన విషయం ఇది.

కాలేజీని పెళ్లి సంబంధం చూసినంత జాగ్రత్తగా చూడండి. భారత నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైటులో కాలేజీ పేరు, కోర్సు పేరు, సీట్ల సంఖ్య, మీరు చేరుతున్న విద్యా సంవత్సరం నాలుగూ కనిపించాలి. పోయిన ఏడాది జాబితాలో ఉందని నమ్మకండి. తర్వాత రాష్ట్ర కౌన్సిల్ అనుమతి చూడండి. జీఎన్ఎంకు అనుమతి ఉన్న చోట బీఎస్సీకి ఉండాలని లేదు. ఆ తర్వాత ఆసుపత్రి సంగతి అడగండి. శిక్షణకు పిల్లలను ఎక్కడికి పంపుతారు? సొంత ఆసుపత్రిలో ఎన్ని పడకలు నిజంగా నిండి ఉంటాయి? ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం. భవనం పాలరాతితో మెరిసిపోతుంటే నాకు అనుమానమే. ఉదయం పదకొండింటికి వెళ్లి వార్డులో తిరిగి చూడండి. మంచాలు ఖాళీగా ఉంటే అక్కడ మీ అమ్మాయి ఏమి నేర్చుకుంటుంది?

పేరు, ఇంటిపేరు, ఆ పొట్టి అక్షరం

చిత్తూరు, తిరుపతి పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇది. మన దగ్గర రెండు అలవాట్లు కలిసిపోయాయి. తెలుగు ఇళ్లలో పేరుకు ముందు ఇంటిపేరు. నగరి, పుత్తూరు, కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో తండ్రి పేరు మొదటి అక్షరం. ఒకే వీధిలో ఇద్దరు భువనేశ్వరులుంటే, ఇద్దరి పేరుకు ముందూ ‘ఎం’ ఉంటుంది. ఒకరికది ఇంటిపేరు, ఇంకొకరికి మునిరత్నం అనే నాన్న. బడిలో టీచరు ‘ఎం. భువనేశ్వరి’ అని రాసేస్తారు. ఆధార్‌లో అది ‘భువనేశ్వరి ఎం’ అవుతుంది. ఇంటర్లో ‘మునిరత్నం భువనేశ్వరి’. పెళ్లయ్యాక రేషన్ కార్డులో భర్త ఇంటిపేరు వచ్చి చేరుతుంది. ఇంగ్లిషు అక్షరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. మునిలక్ష్మి అనే పేరును ఎన్ని రకాలుగా రాయవచ్చో మా రిజిస్టర్లు చూస్తే తెలుస్తుంది.

మొదటి సూత్రం: పదో తరగతి మెమోలో ఏముందో అదే మీ పేరు, అదే మీ పుట్టిన తేదీ. మిగతావన్నీ దానికి అనుగుణంగా మార్చుకోవాలి. మెమోను వాటికి అనుగుణంగా మార్చడం చాలా కష్టం. ఆధార్ సవరించుకోవడం అన్నిటికంటే తేలిక కాబట్టి అక్కడ మొదలుపెట్టండి. ఇంటర్ మెమో తేడాగా ఉంటే కోర్సు మొదటి ఏడాదిలోనే బోర్డుకు రాయండి. పదో తరగతి మెమోలోనే తప్పు పడి ఉంటే మీరు చదివిన బడి ప్రధానోపాధ్యాయుల ద్వారానే దరఖాస్తు వెళ్లాలి. అది మెల్లగా కదిలే పని. మూడో ఏడాది చివర్లో మొదలుపెడితే తోటివాళ్లు జీతాలు తీసుకుంటుంటే మీరు ఇంకా బడి చుట్టూ తిరుగుతుంటారు.

రెండో సూత్రం: పెళ్లయినా వృత్తిలో పేరు మార్చకండి. అత్తగారింట్లో ఎవరైనా నొచ్చుకుంటే ఇంటి శుభలేఖల మీద ఎలా కావాలంటే అలా వేయించుకోమనండి. రిజిస్ట్రేషనులో, బ్యాంకులో, పాస్‌పోర్టులో పదో తరగతి పేరే ఉండనివ్వండి. పాస్‌పోర్టులో మాత్రం ఆ పొట్టి అక్షరాన్ని విప్పి పూర్తిగా రాయించుకోండి. విదేశీ కౌన్సిళ్లు ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం చూస్తే మళ్లీ ఉత్తరాలు రాస్తాయి.

‘ఈ రెండు పేర్లూ నావే’ అని నోటరీ దగ్గర రాయించుకునే అఫిడవిట్‌తో కొన్నిచోట్ల పని జరుగుతుంది. దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

దరఖాస్తు

మన రాష్ట్ర కౌన్సిల్‌కు ఆధారం 1926 నాటి మద్రాసు నర్సుల, మిడ్‌వైఫ్‌ల చట్టం. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అంటే ఆ చట్టం మనకు పరాయిది కాదు. దేశం మొత్తానికి ఒకే ప్రమాణాల కోసం 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. చదువు ఎలా ఉండాలో ఢిల్లీ చెబుతుంది, పేరు ఎక్కించుకునేది రాష్ట్రం. రాష్ట్ర విభజన తర్వాత మన కౌన్సిల్ విజయవాడ నుంచి పనిచేస్తోంది.

జీఎన్ఎం, బీఎస్సీ చేసినవారికి నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ రిజిస్ట్రేషను వస్తుంది. ఏఎన్ఎంలకు వేరే రిజిస్టరు. ఫైలులో ఉండాల్సినవి: పదో తరగతి, ఇంటర్ మెమోలు, కోర్సు అన్ని ఏళ్ల మార్కుల జాబితాలు, డిప్లొమా లేదా డిగ్రీ, కాలేజీ ఇచ్చే శిక్షణ పూర్తయిన ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు. ప్రతిదానికీ రెండు జతల జిరాక్సులు, ఫోనులో స్పష్టమైన స్కాన్లు. ప్రసవాల రికార్డు పుస్తకం, క్లినికల్ రికార్డులు కోర్సు అయిపోయాక పాత పేపర్ల వాడికి వేయకండి. ఏ వార్డులో ఎన్ని గంటలు చేశారో విదేశాలవాళ్లు తర్వాత అడుగుతారు.

కోర్సు అయిన వెంటనే దరఖాస్తు చేయండి. ‘ముందు ఏదైనా నర్సింగ్ హోమ్‌లో చేరి నాలుగు డబ్బులు సంపాదించుకుని తర్వాత కడతాను’ అనే మాట నేను వినీ వినీ విసిగిపోయాను. రిజిస్ట్రేషను లేని అమ్మాయికి యజమాని ఇచ్చే జీతం వేరు, పెట్టే చాకిరీ వేరు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకు 20,000 తగ్గకూడదని సిఫారసు చేసింది. అది అందరికీ అందుతోందని నేను చెప్పను. కానీ ఆ మాట ఎత్తి జీతం అడగాలన్నా ముందు రిజిస్ట్రేషను నంబరు ఉండాలి కదా.

ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులకు మనది రాయలసీమ జోను. నోటిఫికేషన్లో కౌన్సిల్ రిజిస్ట్రేషనుతోపాటు నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో ఉండి తమిళనాడులో రెండేళ్లు చదివినవాళ్లకు స్థానికత దగ్గర చిక్కు వస్తుంది. సెలవుల్లో ఉన్నప్పుడే ఆ బడులకు వెళ్లి తెచ్చిపెట్టుకోండి.

ఒరిజినల్స్ ఇవ్వకపోతే

కోర్సులో చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్స్‌ను ‘మా ఆసుపత్రిలో రెండేళ్లు చేస్తేనే ఇస్తాం’ అని ఆపే యాజమాన్యాలను నేను చూశాను. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి ఇలాగే ఒక ప్రైవేటు కాలేజీ గడప చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయింది. ఈ బాండు పద్ధతి కూడదని భారత నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో తేల్చింది. బతిమాలడం మానేసి చేయాల్సింది ఇది. తేదీ వేసి, ఏయే కాగితాలు కావాలో పేరుపేరునా రాసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇవ్వండి. నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. వేయకపోతే అదే ఉత్తరాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ రసీదు జతచేసి రాష్ట్ర కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. తిరుపతి అయినా చిత్తూరు అయినా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఒకటి ఇవ్వండి. ఆ అమ్మాయి కాగితాలు కలెక్టరేట్ అర్జీ ఇచ్చాకే కదిలాయి. నోటిమాట ఫిర్యాదులకు ఎక్కడా విలువ లేదు.

ఇంకా మంచిది, చేరేటప్పుడే ఏ ఒరిజినల్ ఇచ్చారో రసీదు తీసుకోవడం. వేలకు వేలు ఫీజుకు రసీదు అడిగే తండ్రులు, కూతురి పదో తరగతి మెమోకు అడగరు!

సరిహద్దు అవతల చదివినవారు

చిత్తూరు నుంచి వేలూరు బస్సులో గంట ప్రయాణం. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో 1909 నుంచి నర్సింగ్ చదువు ఉంది. కోలారు, బెంగళూరు కూడా దగ్గరే. మన పిల్లలు అక్కడ చదవడంలో వింత లేదు. అక్కడ చదివితే సాధారణంగా మొదటి రిజిస్ట్రేషను తమిళనాడు లేదా కర్ణాటక కౌన్సిల్‌లో జరుగుతుంది. తిరిగి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేయాలంటే, ముఖ్యంగా ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే, ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లోకి రిజిస్ట్రేషను మార్చుకోవాలి. దీన్ని రెసిప్రోకల్ రిజిస్ట్రేషను అంటారు. ముందు అక్కడి కౌన్సిల్ నిరభ్యంతర పత్రం ఇవ్వాలి, మీ రిజిస్ట్రేషను సరైనదేనని ధ్రువీకరించాలి. రెండు రాష్ట్రాల కార్యాలయాల మధ్య ఉత్తరాలు నడిచే వ్యవహారం కాబట్టి ఇది ఒక వారంలో జరగదు. నోటిఫికేషన్ పడ్డాక మొదలుపెట్టినవాళ్లు ఆ నోటిఫికేషన్‌ను వదులుకోవాల్సి వస్తుంది. ఇంటికి తిరిగి వచ్చే ఆలోచన ఉంటే, నోటిఫికేషన్ ఊసే లేని రోజుల్లో మార్పించుకోండి.

కాలేజీ ఏ రాష్ట్రంలో ఉన్నా చేరకముందే భారత నర్సింగ్ కౌన్సిల్ జాబితా చూడమన్నాను. పొరుగు రాష్ట్రం కాలేజీ విషయంలో ఇది మరీ ముఖ్యం. అక్కడి అనుమతి ఒక్కటే ఉన్న కాలేజీ డిప్లొమాను ఇక్కడ ప్రశ్నిస్తారు.

రిజిస్ట్రేషనును బతికించుకోవడం

దేశంలోని నర్సులందరినీ ఒకే చోట లెక్కపెట్టడానికి భారత నర్సింగ్ కౌన్సిల్ నర్సెస్ రిజిస్ట్రేషన్ అండ్ ట్రాకింగ్ సిస్టమ్‌ను పెట్టింది. ఆధార్‌తో ముడిపడిన ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది, దాన్నే ఎన్‌యూఐడీ అంటాం. ఇక్కడే మళ్లీ పేరు గొడవ. ఆధార్‌లో ఒకటి, కౌన్సిల్‌లో ఒకటి ఉంటే ఇక్కడ ఇరుక్కుంటారు. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు కూడా మీదే అయి ఉండాలి. అన్నయ్య నంబరు ఇచ్చి, అన్నయ్య దుబాయికి వెళ్లాక ఓటీపీ కోసం ఏడ్చిన పిల్లలను చూశాను.

రిజిస్ట్రేషనును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి ఆ ఐదేళ్లలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య చూపించాలి. సీఎన్ఈ అని అందరూ అనేది దీన్నే. ఏడాదికి 30 గంటలన్నమాట. ప్రశాంతంగా చేసుకుంటూ పోతే ఏమీ భారం కాదు. చివరి ఏడాదికి వదిలేస్తే మాత్రం డ్యూటీ మార్చుకోవడానికి సూపరింటెండెంట్ కాళ్లు పట్టుకోవాల్సి వస్తుంది.

ఏది లెక్కలోకి వస్తుంది? కౌన్సిల్ గుర్తింపు ఉండి, ఎన్ని గంటలో రాసి సర్టిఫికెట్ ఇచ్చే కార్యక్రమాలు. సదస్సుకు పేరు రాయించుకునే ముందు గుర్తింపు ఉందా, గంటలు ఎన్ని అని నిర్వాహకులను అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మే 12న నర్సుల దినోత్సవానికి శాలువా కప్పి, స్వీటు పొట్లం ఇచ్చి, నాలుగు ప్రసంగాలు వినిపిస్తారు. దానికి గంటలు రావు. శాలువా మాత్రం చలికాలంలో నైట్ డ్యూటీకి పనికొస్తుంది.

ఎలాగూ గంటలు గడపాలి కాబట్టి పనికొచ్చేవి ఎంచుకోండి. సీపీఆర్ శిక్షణ అన్నిటికంటే ముందు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 30 నొక్కులకు రెండు శ్వాసలు అని పుస్తకంలో చదివినవాళ్లు కూడా బొమ్మ మీద చేయమంటే రెండు నిమిషాలకు చేతులెత్తేస్తారు. ఇన్ఫెక్షను నియంత్రణ, సూది గుచ్చుకున్నప్పుడు చేయాల్సింది, 2016 నాటి నిబంధనల ప్రకారం ఆసుపత్రి వ్యర్థాలను ఏ రంగు సంచిలో వేయాలి అన్నవి కూడా మంచివే. తిరుపతిలో స్విమ్స్, మెడికల్ కాలేజీ ఉండడం వల్ల మనకు కార్యక్రమాల కొరత పెద్దగా లేదు. చిత్తూరు, పలమనేరు వైపు పనిచేసేవాళ్లు ముందుగా కనుక్కుని సెలవు పెట్టుకోవాలి.

ప్రతి సర్టిఫికెట్ వచ్చిన రోజే స్కాన్ చేసి ఒకే ఫోల్డరులో పెట్టండి, పక్కన తేదీ, గంటలు రాసుకోండి. పిల్లలు పుట్టి రెండు మూడేళ్లు ఉద్యోగం మానేసినవాళ్లు కూడా రిజిస్ట్రేషను గడువు దాటనివ్వకండి. ఉద్యోగం మానవచ్చు, రిజిస్టరు మానకూడదు. తిరిగి చేరే రోజున ఆసుపత్రివాళ్లు మొదట అడిగేది అదే.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. 1947 చట్టం స్థానంలో వచ్చినది ఇది. జాతీయ, రాష్ట్ర రిజిస్టర్లలో పేరు లేకుండా నర్సుగా పనిచేస్తే ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా లేదా రెండూ అని అందులో ఉంది. పేర్లు, కార్యాలయాలు మారే కాలం కాబట్టి కౌన్సిల్ ప్రకటనలను నెలకోసారైనా చూస్తూ ఉండండి.

అమెరికాలో ప్రాక్టికల్ నర్సు

ఈమధ్య ‘ఎల్‌పీఎన్ చేయిస్తాం, అమెరికా పంపుతాం’ అనే ఏజెంట్ల ఫోన్లు వస్తున్నాయట, పిల్లలు అడుగుతున్నారు. లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు అక్కడ రిజిస్టర్డ్ నర్సు కంటే ఒక మెట్టు కింద ఉండే ఉద్యోగం. చదువు దాదాపు ఏడాది. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో వీళ్లను వొకేషనల్ నర్సులంటారు. లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే పరీక్ష రాయాలి. కంప్యూటర్ మీద 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. మీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది.

ఏజెంటు చెప్పని సంగతి వీసా. అమెరికాలో నర్సుల కొరత పేరిట గ్రీన్‌కార్డుకు దగ్గరి దారి ఉన్నది రిజిస్టర్డ్ నర్సులకు, ప్రాక్టికల్ నర్సులకు కాదు. కాబట్టి జీఎన్ఎం, బీఎస్సీ చేసిన పిల్ల ఇక్కడి నుంచి వెళ్లాలనుకుంటే రిజిస్టర్డ్ నర్సుల పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ వైపు చూడాలి. పీఎన్ పేరుతో డబ్బు కట్టకండి. పీఎన్ దారి ఎవరికంటే, భర్త ఉద్యోగం మీదో బంధువుల ద్వారానో ఇప్పటికే అక్కడికి చేరినవారికి. భర్త ఉద్యోగ వీసాను బట్టి వచ్చే హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు, కానీ పని అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. లైసెన్సు వచ్చినంత మాత్రాన ఆ అనుమతి రాదు.

అక్కడా లైసెన్సును బతికించుకోవాల్సిందే, రాష్ట్రానికో లెక్క. కాలిఫోర్నియాలో రెండేళ్లకు 30 గంటలు, టెక్సస్‌లో రెండేళ్లకు 20 గంటలు చదువు చూపించాలి. న్యూయార్క్‌లో మూడేళ్లకోసారి నమోదు. చాలా రాష్ట్రాలు ఒక ఒప్పందంలో ఉన్నాయి, ఒక రాష్ట్రం లైసెన్సుతో మిగతా వాటిలో పనిచేయవచ్చు. అయితే కాపురం ఒక ఒప్పంద రాష్ట్రం నుంచి మరో ఒప్పంద రాష్ట్రానికి మారితే 60 రోజుల్లోగా కొత్త చోట దరఖాస్తు చేయాలి. సాఫ్ట్‌వేర్ భర్త ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే ఇళ్లలో ఇది గుర్తుపెట్టుకోవాలి.

అక్కడికి వెళ్లే ముందు ఇక్కడి రిజిస్ట్రేషను చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి. విదేశీ నర్సుల చదువును పరిశీలించే సీజీఎఫ్ఎన్ఎస్ సంస్థ (2025లో ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది) మీ రిజిస్ట్రేషను ధ్రువీకరణను కౌన్సిల్ నుంచి, మార్కుల వివరాలను కాలేజీ నుంచి నేరుగా తెప్పించుకుంటుంది. మీ చేత్తో పంపితే ఒప్పుకోదు. అంటే మీరు అమెరికాలో కూర్చున్నాక విజయవాడలోనో తిరుపతిలోనో మీ ఫైలును ఎవరో ఒకరు కదిలించాలి. విమానం ఎక్కకముందే కౌన్సిల్‌లో మీ ఈమెయిలు, చిరునామా మార్పించుకోండి. కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు (మార్కుల వివరాల పత్రాలు) సీలు వేయించి రెండు మూడు జతలు పెట్టుకోండి. నాన్నకో తమ్ముడికో ఒక అధికార పత్రం రాసిచ్చి వెళ్లండి.